ఊరి బావికి తాళం, ఇంటికి తలుపు లేదు

ఈ సంచికకు నాలుగు మాటలు రాయమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, "పాత జ్ఞాపకాలేమైనా రాయండి సార్, పూర్వ విద్యార్థుల పేజీలకి నిండుగా ఉంటుంది" అన్నాడు. జ్ఞాపకాలు రాయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. అయితే ఈ మధ్య ఒక జ్ఞాపకాన్ని వెతకబోయి నేను పడిన అగచాట్లు చూశాక, దానికన్నా ముందు మనమంతా కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి ఒకటుందని తోచింది. ఆ సంగతే ఈ సంచికాముఖంగా మనవి చేస్తున్నాను.

2001-02 సంచికకు తెలుగు విభాగం విద్యార్థి సంపాదకుణ్ణి నేనే. ఆ ఏడు వచ్చిన రచనల్లో ఇప్పటికీ నా మనసులో నిలిచింది నా సహాధ్యాయి రాసిన ఒక వ్యాసం. వాడిది చీరాల దగ్గర నేతపల్లె. తండ్రి గుంట మగ్గం మీద నేసేవాడు. తల్లి కండెలు చుట్టేది. పడుగు ఎలా చేస్తారో, వాన పడితే పని ఎందుకు ఆగిపోతుందో, ఒక చీర దిగడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఆ చీర అమ్మిన డబ్బులో ఆ ఇంటికి చేరేది ఎంతో, అంతా లెక్కలతో సహా రాశాడు. కవిత్వం లేదు, కన్నీళ్లు లేవు. అయినా చదివిన వాళ్లెవరూ మర్చిపోలేదు.

వాడు రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. పోయిన వేసవిలో వాడి కూతురు నాకు ఫోన్ చేసి, "బాబాయ్, నాన్న కాలేజీ పుస్తకంలో తాతయ్య మగ్గం గురించి రాశాడంట కదా, అది ఎక్కడైనా దొరుకుతుందా?" అని అడిగింది. "దొరక్కేం తల్లీ, నేనే కదా అచ్చు వేయించింది" అన్నాను ధీమాగా.

తీరా చూస్తే దొరకలేదు. నా ప్రతి ఇల్లు మారినప్పుడెప్పుడో పోయింది. గ్రంథాలయంలో పాత సంచికలున్న బీరువాకు చెదలు పట్టి, ఆ నాలుగైదేళ్లవి పొడి పొడిగా రాలిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, డి.టి.పి. ఆపరేటరు చివర్లో నాకొక సి.డి. ఇచ్చాడని. అటక మీద ట్రంకుపెట్టెలో అది భద్రంగానే ఉంది. దాన్ని తిప్పే యంత్రం కోసం మూడు షాపులు తిరిగాను. చివరికి ఫైలు తెరుచుకుంది. తెరుచుకుంటే ఏముంది? ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్యన డాలరు గుర్తులు, బ్రాకెట్లు, ఎక్కడా కనీవినీ ఎరగని చిహ్నాలు. మూడు పేజీల నిండా అదే. తెలుగు అక్షరం ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆపరేటర్ని వెతుక్కుంటూ వెళ్లాను. ఇప్పుడాయన ఫ్లెక్సీల షాపు నడుపుతున్నాడు. ఫైలు చూసి నవ్వాడు. "అప్పటి తెలుగు సాఫ్ట్‌వేరుకి ఒక లాకు ఉండేది సార్. కంప్యూటరు వెనకాల గుచ్చితేనే పనిచేసేది. ఆ లాకు పాడైపోయింది, ఆ కంప్యూటరూ తుక్కులోకి పోయింది. ఆ లాకు లేకపోతే ఇది తెలుగు కాదండీ, గడ్డి."

ఈ మాట నన్ను చాలా రోజులు వేధించింది. రాసినవాడు నా మిత్రుడు. రాసింది వాడి అమ్మానాన్నల గురించి. అచ్చు వేయించింది మన కళాశాల, మనమందరం కట్టిన చందాతో. ఇన్ని చేతులు పడిన ఆ రచనకు చివరికి యజమాని ఎవరయ్యా అంటే, బొటనవేలంత లాకు!

ఇలా ఎందుకు జరిగిందో తెలియని విద్యార్థుల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. తెలిసిన కంప్యూటర్ సైన్సు మిత్రులు మన్నించాలి. కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. 65 అంటే ఇంగ్లీషు పెద్ద 'ఏ' అని ప్రపంచమంతా ఒక ఒప్పందం చేసుకుంది. తెలుగుకు అలాంటి ఒప్పందం వాడుకలోకి రాకముందు, ఫాంట్లు చేసేవాళ్లు ఇంగ్లీషు అక్షరాల గూళ్లలోనే మన తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు తలా ఒకచోట దూర్చారు. గూళ్లు చూస్తే మొత్తం 256 మాత్రమే. ఒక సంస్థ 65లో దీర్ఘం పెడితే ఇంకో సంస్థ అక్కడ వత్తు పెట్టింది. కాబట్టి ఒకరి ఫాంటుతో కొట్టింది మరొకరి ఫాంటులో చదవలేం. ఏ గూట్లో ఏముందో చెప్పే పట్టిక ఆ సంస్థ దగ్గరే ఉండేది.

అలాగని వాళ్లను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ఎవరూ పట్టించుకోని రోజుల్లో తెలుగును తెర మీదికి, అక్కడినుంచి అచ్చులోకి తెచ్చిన కష్టం వాళ్లదే. వందల కొద్దీ పత్రికలు, పెళ్లి శుభలేఖలు, పాఠ్యపుస్తకాలు వాళ్ల అక్షరాలతోనే వెలువడ్డాయి. అందమైన అక్షరం గీసినవాడికి కూలి దక్కాలి. కానీ అక్షరం ఆకారం అమ్ముకోవడం వేరు, అక్షరానికి ఇచ్చిన అంకెను రహస్యంగా దాచడం వేరు. మొదటిది వృత్తి. రెండోది ఊరుమ్మడి బావికి తాళం వేయడం.

ఆ తాళం పగలగొట్టింది యూనికోడు. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గూళ్లు విడిగా కేటాయించారు. 'అ' అంటే 3077, 'క' అంటే 3093. గుంటూరులోనైనా, వరంగల్లులోనైనా, అట్లాంటాలోనైనా అంతే. ఆ పట్టిక ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, పైసా కట్టనక్కరలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా ఉంది. అంటే మేము సంచిక వేసిన ఏడాదికే దారి తెరిచి ఉంది. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఎవర్నీ అడగలేదు. మా తప్పు అక్కడుంది.

ఇక నా మిత్రుడి వ్యాసం సంగతి. నాకు దారి చూపించింది ఇప్పుడు మన కళాశాలలో బి.ఎస్సీ. చదువుతున్న ఒక అమ్మాయి. పాత ఫాంట్ల తెలుగును యూనికోడులోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయని, వాటిలో కొన్నిటిని రాసినవాళ్లు మూలంతో సహా లోకానికి వదిలేశారని చెప్పింది. ఈ కోవలో ముందు చెప్పుకోవలసిన పేరు వెన్న నాగార్జునది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టింది ఆయనే, పాత ఫాంట్ల తెలుగును మార్చి చూపించే 'పద్మ' అనే పరికరాన్ని రాసి అందరికీ వదిలిందీ ఆయనే. ఆ బాటలో తర్వాత మరికొందరు నడిచారు. అలాంటి ప్రోగ్రాము ఒకటి తెచ్చి ఆ అమ్మాయి మా ఫైలు మీద నడిపింది. ముప్పాతిక వంతు తెలుగు వచ్చింది. వత్తులు మాత్రం ఒకదాని చోట ఇంకొకటి పడ్డాయి. 'మగ్గం' అన్న మాటే సరిగా రాలేదు!

అప్పుడు ఆ అమ్మాయి చేసిన పని చూసి నాకు జ్ఞానోదయమైందంటే అతిశయోక్తి కాదు. ప్రోగ్రాము లోపలికి వెళ్లి, ఏ గూటికి ఏ అక్షరమో ఉన్న పట్టిక తెరిచి, తప్పున్న చోట దిద్దింది. రెండు సాయంత్రాలు కూర్చుంది. "ఇది ఎలా తెలుసమ్మా నీకు?" అంటే, "తెలియదు సార్, తెరిచి ఉంది కదా, చూశాను" అంది. ఆ దిద్దుబాట్లను మళ్లీ ఆ ప్రోగ్రాము రాసినవారికే పంపింది. రేపు ఇంకొకడు తన తండ్రి ఉత్తరం వెతుక్కుంటే, వాడికి ఆ వత్తులు సరిగా వస్తాయి.

తెరిచి ఉంది కదా, చూశాను. మిత్రులారా, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొత్తాన్నీ ఇంతకన్నా క్లుప్తంగా నేను చెప్పలేను. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరుకు ఒక ప్రింటరుతో పేచీ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు అందేలా ప్రోగ్రాము దిద్దుదామంటే దాని మూలం ఇవ్వలేదు. ఆ కోపం ఊరికే పోలేదు. 1983 సెప్టెంబరులో ఆయన 'గ్ను' పథకం ప్రకటించాడు. ప్రోగ్రామును నడుపుకునే స్వేచ్ఛ, లోపల ఏముందో చదివే స్వేచ్ఛ, నలుగురికీ పంచే స్వేచ్ఛ, దిద్ది ఆ దిద్దినదాన్ని పంచే స్వేచ్ఛ, ఈ నాలుగూ ఉండాలన్నాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి, వయసులో మీ ఈడువాడే, లినక్స్ మొదలుపెట్టాడు. ఇవాళ మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది ఆ లినక్సే.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకే ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలుండడంతో వాళ్లు ఇప్పటికీ వివరణలు ఇచ్చుకుంటూనే ఉన్నారు. మనకా తంటా లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఉచితంగా ఇచ్చి తాళం తన దగ్గరే పెట్టుకునేవాళ్లు కోకొల్లలు. హైదరాబాదులో 2005లో పుట్టిన సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది. సిలికానాంధ్ర వారు సురవరం, గిడుగు, మండలి వంటి పేర్లతో ఎన్నో తెలుగు ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేశారు. ఒక ఫాంటుకు గిడుగు పేరు పెట్టడం నాకు ఎంతో సమంజసంగా తోచింది. బడి పుస్తకాల్లోని భాషను పండితుల గుప్పిట్లోంచి విడిపించి మాట్లాడే జనానికి అప్పగించాలని గిడుగు రామమూర్తిగారు జీవితమంతా పోరాడారు. ఆయన ఈనాడు ఉంటే ఈ తాళాల మీద కూడా తప్పకుండా దండెత్తి ఉండేవారు.

వ్యాసం బాగుచేసి ఆ కూతురికి పంపాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాబాయ్, ఇది అందరూ చదివేలా పెట్టండి. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు అని కూడా రాయండి. కానీ ఒక్క మాట. నాన్న అందులో పక్కింటివాళ్ల పేర్లు, మాస్టర్ వీవరు దగ్గర వాళ్లకున్న అప్పులు రాశాడు. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. ఆ పేర్లు తీసేయండి" అంది.

నేను నివ్వెరపోయాను. పాతికేళ్లు నిండని ఆ పిల్ల, చట్టసభలు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడుతున్న సమస్యను రెండు వాక్యాల్లో తేల్చేసింది. మగ్గం లెక్క ఊరిది, అది తెరిచి ఉండాలి. పక్కింటి అప్పు ఆ ఇంటిది, అది మూసి ఉండాలి. న్యాయం ఇంతే.

మరి మన చుట్టూ జరుగుతున్నదేమిటి? సరిగ్గా తలకిందులు!

ముందు ఊరిది చూద్దాం. 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షను, ప్రభుత్వ కార్యాలయాలు ఎవరూ అడగకముందే తమ సమాచారాన్ని తామే ప్రకటించాలని చెబుతోంది. 2012లో కేంద్రం బహిరంగ దత్తాంశాల విధానం తెచ్చింది, 2016లో తెలంగాణ తన సొంత విధానం ప్రకటించింది. కాగితం మీద అంతా బాగుంది. కానీ 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను అందరికీ కనిపించేలా వెబ్‌సైటులో పెట్టే పద్ధతిని ఆపేసింది. విమర్శలు వచ్చాక కొన్నిటిని ఈ-గెజిట్‌లో పెట్టారు. పాత పద్ధతి 2024లో ప్రభుత్వం మారాక గాని తిరిగి రాలేదు. ఏ పార్టీ మంచిది, ఏ పార్టీ చెడ్డది అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. తాళంచెవి ఒకరి చేతిలోనే ఉన్నంతకాలం మూయడమూ వాళ్ల దయే, తెరవడమూ వాళ్ల దయే. హక్కు అనేది దయ మీద ఆధారపడకూడదు.

తెరిచామని చెప్పేవి కూడా ఎలా ఉంటాయో చూడండి. కాగితాన్ని వంకరగా ఫొటో తీసి పెడతారు. అందులో మీ ఊరి పేరు వెతకలేరు, అంకెలు కూడలేరు. ఆకలైనవాడికి అన్నం ఫొటో చూపించినట్టుంటుంది. అంకెను అంకెగా, అక్షరాన్ని అక్షరంగా ఇస్తేనే అది ఇచ్చినట్టు.

పుస్తకాల సంగతీ అంతే. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డిగారి పూనికతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలై, వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. తర్వాత ఆ వెబ్‌సైటు మూతపడింది. అయినా ఆ పుస్తకాల్లో ఎన్నో ఈనాడు మనకు దొరుకుతున్నాయంటే, కొందరు ముందుచూపుతో వాటికి నకళ్లు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టడమే కారణం. ఒకే చోట, ఒకరి అదుపులోనే ఉన్నది ఎప్పటికైనా పోతుంది. నలుగురి దగ్గరున్నది నిలుస్తుంది. మన తాటాకు గ్రంథాలు బతికింది కూడా నకళ్ల వల్లనే కదా!

ఇప్పుడు ఇంటిది చూద్దాం. ఒక విద్యాసంస్థలో ఫీజు రీయింబర్స్‌మెంటు జాబితాను నోటీసు బోర్డుకు అంటించగా నేను కళ్లారా చూశాను. విద్యార్థి పేరు, కులం, తండ్రి ఆదాయం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను, అన్నీ వరసగా ఉన్నాయి. ఆడపిల్లల ఫోను నంబర్లు కూడా! అదే జాబితా సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఆ సంస్థ ఖర్చుల లెక్క మాత్రం ఏ బోర్డు మీదా లేదు. అడిగితే, "అది ఆఫీసు విషయమండీ, బయటికి ఇవ్వం" అన్నారు. ఇంతకన్నా తలకిందుల వ్యవహారం ఉంటుందా?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత మన ప్రాథమిక హక్కని తేల్చి చెప్పారు. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు అప్పటికే విశ్రాంత న్యాయమూర్తి, వృద్ధుడు. మరుసటి ఏడు ఆధార్ తీర్పులో, పాఠశాల ప్రవేశాలకు ఆధార్ తప్పనిసరి చేయకూడదని కోర్టు చెప్పింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. రక్షణ కావలసిందే. కానీ అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చింది. పూర్వం, ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత వివరాలనూ, విశాల ప్రజా ప్రయోజనం లేనప్పుడు, ఇవ్వనక్కరలేదని ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారమైతే చాలు, నిరాకరించవచ్చు. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని 8(2) ఇంకా చెబుతూనే ఉంది కదా అని ప్రభుత్వ వాదన. ఆ మాట నిజమే. కానీ ఆ ప్రయోజనాన్ని తూచే త్రాసు ఎవరి చేతిలో ఉంది? సమాచారం దాచాలనుకునే అధికారి చేతిలోనే! పేదవాడి ఇంటికి తలుపు పెడతామని చెప్పి, ఆ తలుపు తీసుకెళ్లి ఆఫీసు బీరువాకు బిగించినట్లు కాకూడదన్నదే నా భయం.

"ఇవన్నీ పెద్దవాళ్లు, కోర్టులు చూసుకునే సంగతులు, మనమేం చేస్తాం?" అని కొందరు మిత్రులు అనవచ్చు. కోర్టుల దాకా ఎందుకు, మన కళాశాల గేటులోపలే చేయదగినవి మూడున్నాయి. సంఘానికి, అధ్యాపకులకు, ప్రిన్సిపాలుగారికి సవినయంగా విన్నవిస్తున్నాను.

ఒకటి. ఈ సంచిక ఇకముందు యూనికోడులోనే కూర్చాలి. అచ్చు ప్రతితో పాటు మూల ఫైళ్లను రచయితల అనుమతితో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద నలుగురికీ ఇవ్వాలి. రచయిత హక్కు రచయితదే, దాన్ని ఎవరూ లాక్కోవడం లేదు. పాత సంచికలు ఎవరి ఇళ్లలోనైనా ఉంటే పూర్వ విద్యార్థులు దయచేసి ఇవ్వండి. ఆ పాత సంచికలను టైపు చేయడానికి విద్యార్థులున్నారు.

రెండు. విద్యార్థి సంఘం నిధుల జమాఖర్చులు, ఫొటోగా కాక, కూడికలు వేసి చూసుకునే పట్టికగా, ఏటా ప్రకటించాలి. పక్కవాళ్లను అడిగే ముందు మన లెక్క మనం చూపించాలి. ఈ సంచికకు ఎంత ఖర్చయిందో కూడా అందులో ఉండాలి.

మూడు. విద్యార్థి దగ్గర అవసరం లేని వివరం అడగవద్దు. అడిగినది గోడకు అంటించవద్దు, గ్రూపులో పెట్టవద్దు. జాబితా వేయవలసి వస్తే హాల్‌టికెట్టు నంబరు చాలు.

ఇవి చేయడానికి కోట్లు అక్కరలేదు, ఏ మంత్రిగారి ప్రారంభోత్సవమూ అక్కరలేదు. ఆ బి.ఎస్సీ. అమ్మాయి ఖర్చుపెట్టినవి రెండు సాయంత్రాలు. మనలో రెండు సాయంత్రాలు లేనివారెవరు?

నా మిత్రుడి వ్యాసం, పక్కింటివారి పేర్లు తీసేసి, ఈ సంచికలోనే మరోచోట అచ్చవుతోంది. వాడి కూతురు కోరినట్లే, దాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. చదివినప్పుడు ఎక్కడైనా ఒక వత్తు తప్పు పడితే మాకు చెప్పండి, దిద్దుతాం. ఇప్పుడది తెరిచే ఉంది.